మోకాలి లోతుకు డీప్‌సీ

44 మిల్లీమీటర్ల వెడల్పుతో, 3,900 మీటర్ల లోతు నీటి ఒత్తిడిని తట్టుకునేలా తయారైన రోలెక్స్ డీప్‌సీ, అనగా సముద్రగర్భంలోకి దిగేవారి గడియారం, సూరత్‌లోని భేస్తాన్‌లో ఎవరి చేతికెక్కినా, ఖాడీ, అంటే ఊరి నడుమ పారే వాగు, పొంగిన వానాకాలంలో మోకాలి లోతును మించి చూసే యోగం దానికి లేదు. చేతికి నప్పేదీ లేనిదీ డయలు కంటే ‘లగ్ టు లగ్’, అనగా పట్టీ తగిలించే పై కొమ్ము కొస నుంచి కింది కొమ్ము కొస వరకు గల దూరం, తేలుస్తుంది. సేటుగారి బొద్దు చేతికి ఈ వాచీ సరిపోవచ్చునేమో గాని, అక్కడి మరమగ్గంపై తెగిన పోగు అతికే తెలుగు నేతగాడి సన్నని మణికట్టుపై మాత్రం, వాచీని మనిషి కట్టుకున్నాడా, మనిషినే వాచీ కట్టుకుందా అన్నది పరిశోధనార్హమే. చొక్కా కఫ్ గుండీ ఎలాగూ పట్టదు. లోపల చేరిన హీలియం వాయువును వదిలేందుకు వాచీకో కవాటం కూడా ఉంది గాని, భేస్తాన్‌లో బయటికి పోయేది జేబులోని సొమ్మొక్కటే.