ఐస్ తగలని చేప!

మృగశిర కార్తె రావడమే ఆలస్యం, శామీర్‌పేట రోడ్డు పక్కన టార్పాలిన్లు లేచాయి. మేడ్చల్ హైవే మీదా అదే జాతర. ఆ రోజు చేప తినకపోతే వానాకాలమంతా దగ్గుతామని ఊరు ఊరంతా నమ్మాక కాదనడానికి నేనెవర్ని? తినండి. నాకు ఒళ్లు మండేది అమ్మేవాడి మాటకు: "మాది ఐస్ చేప కాదు సార్, ఫ్రెష్!"

ఎంత గర్వమో! కైకలూరు చెరువుల బొచ్చె, రవ్వ. విశాఖ, కాకినాడ రేవుల వంజరం. వందల కిలోమీటర్లు ఐసులోనే ప్రయాణం చేసి వస్తాయి. ఇక్కడ దిగగానే ఆ ఐసంతా దులిపి, చెక్కబల్ల మీద ఎండకు పరిచి, మగ్గుతో నీళ్లు చల్లి "పొద్దున్నే పట్టినం" అంటారు. పక్కనే శామీర్‌పేట చెరువుంది కదా, వంజరం కూడా అందులోనే వలకు పడిందేమో!

కొనేవాళ్లు తక్కువ తిన్నారా? ఐసు కనిపిస్తే "నిల్వ సరుకు" అని మూతి తిప్పుతారు. ఈగలు ముసిరితే మాత్రం ఫార్మాలిన్ కలపలేదనడానికి అవే సాక్ష్యమట! ఐసు కొంటే ఖర్చు, చల్లితే గిరాకీ పోతుంది. ఇక వాడెందుకు చల్లుతాడు? నాంపల్లి మైదానంలో చేప ప్రసాదంగా గొంతులోకి జారే కొర్రమీను పిల్లే నయం, తాజాదనంలో అనుమానం లేదు.

ఇక నవ్వు రావడం లేదు. వంజరం, కానాగంత, ట్యూనా లాంటి చేపల కండలో హిస్టిడిన్ ఉంటుంది. చల్లదనం లేకుండా గంటలు గడిస్తే బాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మార్చేస్తుంది. వాసన చూసి కనిపెట్టలేం. పసుపు పట్టించినా, నిమ్మకాయ పిండినా, నూనెలో మాడ్చినా అది పోదు. మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టినా పోదు. తిన్న కాసేపటికే మొహం ఎర్రబడుతుంది, దద్దుర్లు లేస్తాయి, తల పగిలిపోతుంది, వాంతులు. అప్పుడు ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు: "వీడికి చేప పడదు." ఎండలో చేపను కుళ్లబెట్టినవాడు హాయిగా ఉంటాడు, తిన్నవాడి ఒంటికి మాత్రం జన్మంతా అపవాదు!

2024 అక్టోబరులో పచ్చిగుడ్డు మయోనీజ్‌ను నిషేధించిన సర్కారుకు రోడ్డు పక్క బల్లలు కనిపించవా?

"ఐసు పెట్టె ఏది?" అని అడిగాను ఒకతన్ని. పక్కనున్న చెరకురసం బండి చూపించాడు.

"గాడ ఉంటది సార్. గ్లాసు ఇరవై."