నా సంచిలో పడింది సముద్రం కాదు

నేను ట్రాల్ వలను. ఇప్పుడు కొండపల్లిలో, బొమ్మల కోసం పొణికి కర్ర ఎండబెట్టుకునే ఒక పెరట్లో బీరపాదుకు కంచెగా ఉన్నాను. అంతకుముందు మచిలీపట్నం దగ్గర గిలకలదిండి రేవులో ఒక మరబోటు మీద బతికాను. రొయ్యలు పట్టడమే నా పని.

నన్ను నీళ్లలోకి దింపి బోటు లాగుతుంటే, రెండు పక్కలా ఉన్న బోర్డులు ఎడంగా జరిగి నా నోరు తెరిచేవి. బరువులు కట్టిన అడుగు తాడు నేలను రాసుకుంటూ పోతే బురదలో దాగిన రొయ్యలు బెదిరి పైకెగిరేవి, వచ్చి నా చివరి సంచిలో పడేవి. సంచి బరువెక్కేకొద్దీ నా డైమండ్ ఆకారపు కళ్లు సాగి మూసుకుపోయేవి. ఇక వేలెడంత చేపపిల్లకు కూడా దారి ఉండేది కాదు. చదరపు కళ్ల సంచైతే ఎంత లాగినా కళ్లు తెరుచుకునే ఉంటాయి. నాకది కట్టలేదు.

నాలాంటి వలల పట్టుబడి నుంచే సముద్రంలో నిల్వ ఎంతో అంచనా వేస్తారు. 1947లో మొదలైన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కొన్ని రేవులను, కొన్ని రోజులను లాటరీ పద్ధతిలో ఎంచుకుంటుంది. ఆ రోజు వచ్చిన బోట్లు 15 లోపైతే అన్నింటినీ, ఎక్కువైతే కొన్నింటిని చూస్తారు. ఏ జాతి ఎన్ని కిలోలు పడింది, వల ఎన్ని గంటలు లాగారు అని రాసుకుని మొత్తానికి లెక్కగడతారు.

ఆ శ్రమంటే నాకు గౌరవం. అయితే రేవుకు చేరింది వేరు, నా సంచిలో పడింది వేరు. ధర పలకని చిన్న చేపను చాలావరకు నడిసంద్రంలోనే పారబోసేవారు. పైగా బోటు నడిపే సరంగు రొయ్య దట్టంగా ఉన్న చోటికే దాన్ని తిప్పుతాడు. సముద్రమంతటా రొయ్య తగ్గినా ఆ ఒక్క చోట గుంపు మిగిలితే, గంటకు పడే కిలోలు తగ్గవు. కాగితం మీద అంతా బాగున్నట్టే ఉంటుంది.

రొయ్య తగ్గితే తప్పంతా వలదీ కాదు. సముద్రంలో పుట్టిన రొయ్యపిల్ల నాగాయలంక వైపు మడ అడవుల్లోకి వచ్చి పెరిగి, మళ్లీ సముద్రానికి పోతుంది. ఆ అడవులకు ప్రకాశం బ్యారేజీ దాటి కృష్ణ నీళ్లు ఎన్ని దిగాయన్నదీ లెక్కలోకి రావాలి.

గుంపు వెంటే పోయే ఈ చిక్కు దక్షిణ ధ్రువ సముద్రంలో క్రిల్ పట్టే వలలకూ ఉంది. క్రిల్ మన రొయ్యపొట్టులా చిన్నది, గుంపులుగా తిరుగుతుంది. వేట ఓడలు గుంపు ఉన్నచోటికే పోతాయి. అందుకే 2019లో నైరుతి అట్లాంటిక్ భాగంలో గుంపు ఉన్నా లేకున్నా ముందే గీసుకున్న గీతల వెంట ఓడలు నడిపి, శబ్ద తరంగాలతో కొలిచారు. 6.26 కోట్ల టన్నులని తేలింది. అక్కడ ఏడాది వేటకు 6.2 లక్షల టన్నుల హద్దుంది. క్రిల్‌ను వెతుకుతూ మన పరిశోధన నౌక సాగర్ సంపద కూడా 1995–96లో దక్షిణ ధ్రువ సముద్రానికి వెళ్లింది.

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేట ఆగుతుంది. ఆ 61 రోజులూ నాలాంటి వలల నుంచి కబురే ఉండదు. అప్పుడు పరిశోధన నౌకలు మన సముద్రంలోనూ అలా గీతల వెంట తిరగాలి. తక్కిన రోజుల్లో ప్రతి సరంగూ ఎక్కడ, ఎన్ని గంటలు లాగాడో, ఎంత పారబోశాడో రాయాలి. కొత్త వలలకు చదరపు కళ్ల సంచి కట్టాలి. రొయ్య మీద బతికే ఇళ్లు ఈ తీరం నిండా ఉన్నాయి. వాటి రేపటి కూడు ఈ లెక్క మీదే ఆధారపడి ఉంది.