ఒకానొక హెచ్‌ఆర్ సందేశానికి టీకా తాత్పర్యం

మూలం

“సర్, మీరు సంస్థకు ఎంతో విలువైనవారు. మీ ఎదుగుదల కోసం ఈ ఏడాది ఒక కోచ్‌ను ఏర్పాటు చేస్తున్నాం. నెలకు రెండు చొప్పున పన్నెండు సెషన్లు. అంతా గోప్యం.”

అవతారిక

ఈ నాలుగు వాక్యాలు గచ్చిబౌలిలోని ఒక కంపెనీలో, అప్రైజల్ ముగిసిన మర్నాడు, సాయంత్రం ఆరు దాటాక వెలువడ్డాయి. కర్త హెచ్‌ఆర్ విభాగం. నాయకుడు ఇరవై రెండేళ్ల సర్వీసున్న వైస్ ప్రెసిడెంటు. ఇంట్లో ధీరశాంతుడు, మీటింగుల్లో ధీరోద్ధతుడు. రసం చదివేవారిని బట్టి మారుతుంది. నాయకుడికిది కరుణం, ఆయన టీముకు అద్భుతం.

మెదక్ ప్రాంతపు కొల్చారం ఊరివాడని చెప్పుకునే కోలాచల మల్లినాథ సూరి, మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే మాటిచ్చి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం చేశాడు. ఈ టీకాకారుడు ఆ మాట ఇవ్వలేడు. ఆఫీసు సందేశాల్లో అసలు సంగతి ఎప్పుడూ మూలంలో ఉండదు.

ప్రతిపదార్థం

సర్ = ఓ వైస్ ప్రెసిడెంటూ!; మీరు = తమరొక్కరే (తక్కిన ఆరుగురు వైస్ ప్రెసిడెంట్లకు ఈ మెయిల్ పోలేదని ధ్వని); సంస్థకు = జీతమిచ్చెడు దానికి; ఎంతో = ఎంతో చెప్పుటకు వీలులేనంతగా; విలువైనవారు = ఖరీదైనవారు; మీ ఎదుగుదల కోసం = మీ కింద పనిచేయువారి ఊరట కొరకు; ఈ ఏడాది = బడ్జెట్ మురిగిపోవు మార్చి నెలాఖరులోగా; ఏర్పాటు చేస్తున్నాం = చేసేసితిమి; అంతా గోప్యం = క్యాంటీన్లో ఇప్పటికే తెలిసినది.

‘కోచ్’ శబ్ద విచారం

హంగరీలో కోచ్ అని ఒక ఊరుంది. 15వ శతాబ్దంలో అక్కడ తయారైన గుర్రపు బండ్లు ఐరోపా అంతా పేరు పొందాయి, ఊరి పేరే బండికి స్థిరపడింది. 1830ల నాటికి ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు, తమను పరీక్ష గట్టెక్కించే ట్యూటర్‌ను కూడా ఎగతాళిగా కోచ్ అనసాగారు. కూర్చుంటే చాలు, అవతల దింపుతాడని భావం. అక్కణ్ణుంచి ఆ మాట ఆటస్థలానికి పోయి, ఆటస్థలం నుంచి ఆఫీసుకు వచ్చింది.

తెలుగునాట దీనికి వేరే రూఢి ఉంది. కోచింగ్ అనగా ఎంసెట్, గ్రూప్స్, అమీర్‌పేట. అందుకే కబురు విన్న నాయకుడి తల్లి, “ఈ వయసులో నీచేత ఏం పరీక్ష రాయిస్తున్నార్రా?” అని కంగారుపడింది. ఆవిడ అడిగింది సబబే. తేడా ఏమంటే, అమీర్‌పేటలో జవాబులు చెబుతారు. ఈ కోచ్ దగ్గర ప్రశ్నలే ఉంటాయి.

గురుపరంపర

ఈ ప్రశ్నల మార్గానికి మూలపురుషుల్లో ఒకరు అమెరికన్ టెన్నిస్ శిక్షకుడు టిమ్ గాల్వే. ఆటగాడి అసలు ప్రత్యర్థి నెట్‌కు అవతల కాదు, అతని తలలోనే ఉన్నాడని 1974లో పుస్తకం రాశాడు. దాన్ని కంపెనీల్లోకి తెచ్చినవారిలో ముఖ్యుడు బ్రిటన్‌కు చెందిన జాన్ విట్‌మోర్. 1965లో యూరోపియన్ టూరింగ్ కార్ ఛాంపియన్‌షిప్ గెలిచిన రేసు డ్రైవరు. బండి నుంచి పుట్టిన మాట తిరిగి బండివాడి చేతికే చేరిందని సహృదయులు గమనించగలరు. 1992లో వచ్చిన అతని పుస్తకం ‘గ్రో’ (GROW) అనే నాలుగు ఇంగ్లిష్ అక్షరాల మంత్రాన్ని లోకమంతా చాటింది. ఏం కావాలి? ఇప్పుడు ఎక్కడున్నారు? ఏయే దారులున్నాయి? ఏం చేస్తారు, ఎప్పటికల్లా? మంత్రం ఇంతే. మిగతాది కోచ్ నోరు మూసుకుని వినడం.

పూర్వపక్షం

“ఇరవై రెండేళ్లు చేసినవాడికి ఎవడో వచ్చి ఏం నేర్పుతాడు?” అని నాయకుడి ఆక్షేపణ. ఇది కొత్తది కాదు. గూగుల్ పగ్గాలు పట్టిన ఎరిక్ ష్మిట్‌కు బిల్ క్యాంప్‌బెల్‌ను కోచ్‌గా పెట్టుకోమని కంపెనీ పెట్టుబడిదారు జాన్ డోయర్ సలహా ఇచ్చినప్పుడు, ఆయనకూ చిన్నతనంగానే తోచింది. పైగా క్యాంప్‌బెల్ ఒకప్పుడు కొలంబియా యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్‌గా గెలిచిన ఆటలు 12, ఓడినవి 41. తరువాత ష్మిట్టే ఆ సలహాను ఊరూరా మెచ్చుకున్నాడు.

సమాధానం ఆపరేషన్ థియేటర్లో దొరుకుతుంది. సర్జన్ అతుల్ గవాండే, తన పనితనం ఒక మెట్టు దగ్గర ఆగిపోయిందనిపించి, రిటైరైన తన గురువు రాబర్ట్ ఆస్టీన్‌ను పిలిచి ఒక మూల నిలబెట్టి ఆపరేషన్ చేశాడు. బాగానే చేశాననుకున్నాడు. గురువు నోట్‌బుక్ తీశాడు. మోచెయ్యి అప్పుడప్పుడు పైకి లేస్తోంది. పైనున్న దీపం పక్కకు జరిగి, దాదాపు అరగంట సేపు వెలుగు సరిగ్గా గాయం మీద పడనేలేదు. కత్తి పట్టినవాడికి అది తెలియలేదు. 2011లో గవాండే ఈ సంగతంతా ‘న్యూయార్కర్’లో తానే రాశాడు.

విశేషాంశం: కాకినాడ

ఇదంతా అమెరికా నుంచి మొన్న మొన్న దిగిన సరుకని కొందరు వ్యాఖ్యాతల మతం. అది పొరపాటు. 1964లోనే హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్, కాకినాడలో అప్పటికే వ్యాపారాల్లో నలిగినవారిని యాభై మందికి పైగా ఎంచుకుని, హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో కూర్చోబెట్టాడు. యూసుఫ్‌గూడలో నేడు ఎంఎస్‌ఎంఈ సంస్థగా నడుస్తున్నది అదే. పోలిక కోసం రాజమండ్రి వ్యాపారులను శిక్షణ లేకుండా వదిలి గమనించారు.

అక్కడ ఎవరూ లెక్కలు రాయడం నేర్పలేదు. బొమ్మలు చూపి కథలల్లమన్నారు. ఆ కథల్లో మనిషి ఏదైనా సాధించాలని తపిస్తున్నాడా, ఊరికే కూర్చున్నాడా అని ఎవరిది వారే చూసుకోవాలి. గుంజకు రింగులు వేసే ఆట ఆడించారు. దగ్గర నిలబడితే గెలుపు ఖాయం, గొప్పేం లేదు. మరీ దూరం పోతే అంతా అదృష్టమే. కష్టపడితే తగిలేటంత దూరాన ఎవడు నిలబడతాడన్నదే పరీక్ష. తరువాత ఎవరి లక్ష్యం వారు రాసుకుని ఊరికి పోయారు.

తరువాతి రెండేళ్లలో శిక్షణ పొందినవారు, పొందనివారికంటే చురుగ్గా కొత్త పనులు మొదలుపెట్టారని 1969లో డేవిడ్ వింటర్‌తో కలిసి రాసిన పుస్తకంలో మెక్లెలాండ్ తేల్చాడు. పంచె కట్టాడా, బొట్టు పెట్టాడా, ఏ కులంవాడన్నది ఫలితానికి అడ్డు రాలేదని కూడా తేలింది. గచ్చిబౌలి నాయకుడి స్వస్థలం కాకినాడే కావడం కాకతాళీయం.

అలంకారం

మొదటి వాక్యంలో వ్యాజస్తుతి. స్తుతిలా కనబడే నింద. ఒకప్పుడిది నిజమే, కోచ్‌ను తెచ్చేది ఎక్కువగా నోటి దురుసు బాసులను దారిలో పెట్టడానికే. అయితే 2009లో ‘హార్వర్డ్ బిజినెస్ రివ్యూ’ 140 మంది కోచ్‌లను అడిగితే, అప్పటికి పైకి రాగలవారిని తీర్చిదిద్దడానికే ఎక్కువగా పిలుస్తున్నారని తెలిసింది. కాబట్టి ఇది స్వభావోక్తి అని మరో మతం. హెచ్‌ఆర్‌ను అడిగితే రెండూ కాదంటుంది.

‘గోప్యం’ దగ్గర ఒక చిక్కుంది. ఫీజు కంపెనీది, రహస్యం నాయకుడిది, చెవి కోచ్‌ది. ఈ త్రికోణం ముందే కాగితం మీద తేలకపోతే నాయకుడు నోరు విప్పడు. విప్పితే ఏం చెబుతాడో పై సర్వేలోనే ఉంది. సొంత విషయాల కోసమే తమను పిలిచారన్న కోచ్‌లు 3 శాతం. ఎప్పుడో ఒకప్పుడు ఆ విషయాల్లో సాయం చేశామన్నవారు 76 శాతం.

తాత్పర్యం

మూడో సెషన్లో 360 డిగ్రీల ఫీడ్‌బ్యాక్ వచ్చింది. పైవారు, పక్కవారు, కిందివారు పేరు చెప్పకుండా రాసినది. దాన్ని గడులుగా పంచి చూపే చట్రాన్ని జోహరి కిటికీ అంటారు. రత్నాల బేరగాడైన జౌహరీ నుంచి వచ్చిందని పండితులు పొరబడవచ్చు. 1955లో దాన్ని కనిపెట్టిన జో, హ్యారీ అనే ఇద్దరి పేర్లు కలిస్తే వచ్చిన మాట అది. ఇతరులకు కనబడి తనకు కనబడని గడి ఒకటి అందులో ఉంటుంది. నాయకుడి గడిలో పదకొండు మంది ఒకటే రాశారు: “సర్ ‘బాగుంది’ అంటారు. వెంటనే ‘కానీ’ అంటారు.”

ఈ ‘కానీ’ చాలామంది పెద్దల జబ్బే. అమెరికన్ కోచ్ మార్షల్ గోల్డ్‌స్మిత్ ఈ మాట అన్న ప్రతిసారీ శిష్యుల దగ్గర 20 డాలర్లు వసూలు చేసి దానధర్మాలకు ఇస్తాడు. నాయకుడికీ అలాంటి ఏర్పాటే జరిగింది, వంద రూపాయలకు. “బాగుంది కానీ, నేను నిజంగా అలా అంటానా?” అని అడిగి అక్కడే మొదటి వంద సమర్పించుకున్నాడు.

పన్నెండో సెషన్ అయిన వారం, ఒక జూనియర్ మీటింగులో కొత్త ఆలోచన చెప్పింది. నాయకుడు విని “బాగుంది” అన్నాడు. గదిలో తొమ్మిది మంది తరువాతి మాట కోసం ఎదురుచూశారు. అది రాలేదు. కోచింగ్ ఫలించిందని కొందరు వ్యాఖ్యాతలు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగిందని మరికొందరు. ఇచట పాఠభేదం కలదు.