ఫైలు పడుకుంది, కంప్యూటరు మేలుకుంది

రాత్రి తొమ్మిది దాటాక విజయవాడ బందరు రోడ్డు మీద ఒకసారి నడిచి చూడండి. ఆఫీసు కిటికీల్లో నీలం వెలుగు. సారు ఇంటికెళ్లి, అన్నం తిని, సీరియల్ చూసి, గుర్రుపెట్టి పడుకున్నారు. సారు కంప్యూటరు మాత్రం కళ్లు చించుకుని కూర్చుంది. ఏం చేస్తోంది? లాగిన్ పేజీ చూపిస్తోంది. ఎవరికి? వాచ్‌మన్‌కి.

అదే ఆఫీసులో మీరిచ్చిన అర్జీ సంగతేంటి? హాయిగా నిద్రపోతోంది. కుంభకర్ణుడయినా ఆరు నెలలకోసారి లేచేవాడు. పోనీ మీరే వెళ్లి లేపుదామంటే కౌంటర్లో ఒకటే మాట: సర్వర్ డౌన్. లేవాల్సింది పడుకుంది, పడుకోవాల్సింది మేలుకుంది. మనవాళ్లు దీనికి ఈ-గవర్నెన్స్ అని పేరు పెట్టి, రిబ్బను కూడా కత్తిరించేశారు.

ఒక చిన్న లెక్క వేద్దాం. డెస్క్‌టాపూ మానిటరూ కలిసి ఊరికే కూర్చున్నా అరవై వాట్ల దాకా లాగుతాయి. సాయంత్రం అయిదున్నర నుంచి మర్నాడు పదిన్నర దాకా 17 గంటలు. అంటే ఒక్కో బల్ల మీద రాత్రికో యూనిట్. స్లీప్‌లో పెడితే అయ్యేది రెండు మూడు వాట్లు. ఆ యూనిట్ ఆకాశంలోంచి ఊడిపడదు. దానికి ముప్పావు కిలోకు అటూ ఇటూగా బొగ్గు కాలాలి. కాలేది ఎక్కడో కాదు, పక్కనే ఇబ్రహీంపట్నంలో. 1979లో మొదలైన నార్ల తాతారావు థర్మల్ కేంద్రం ఇప్పుడు 2,560 మెగావాట్లకు పెరిగింది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఆరేసిన బట్టల మీద పడే బూడిదలో సారుగారి లాగిన్ పేజీ వాటా ఎంత? ఎవరూ కొలవరు. కొలిచేది మీ మీటరొక్కటే. సర్దుబాటు చార్జీలనీ, ట్రూ అప్ అనీ మీ బిల్లు కింద తోకలు మొలుస్తూనే ఉంటాయి.

అయినా పొదుపు మీద మనకు ఉపన్యాసాలకు కరువు లేదు. డిసెంబరు 14 వచ్చిందంటే ఇంధన పొదుపు వారోత్సవాలు. బ్యానరు, జ్యోతి ప్రజ్వలన, శాలువాలు. ఏసీ హాల్లో బడిపిల్లల్ని కూర్చోబెట్టి, ‘గదిలోంచి వెళ్లేటప్పుడు ఫ్యాను ఆపండమ్మా’ అని సుద్దులు. ఫ్యాను ఆపాల్సింది పిల్లలా? 2020 జనవరి నుంచి స్టార్ గుర్తున్న ప్రతి గది ఏసీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలని ఢిల్లీ శాసించింది. బాగుంది. మా పడగ్గది దాకా వచ్చిన ఆ శాసనం, సార్లూ, మీ బల్ల దాకా రాలేదేం? మీ కంప్యూటరు ఎన్ని నిమిషాలకు పడుకోవాలో మీకెవరయినా చెప్పారా? చెబితే విన్నారా? చాలా బల్లల మీద ఆ సెట్టింగు ‘నెవర్’. వచ్చిన కొత్తలో ఎవరో అలా పెట్టేసి వెళ్లారు. మార్చడానికి ‘పైనుంచి’ ఆర్డరు రావాలట.

తప్పంతా గుమాస్తాల నెత్తిన రుద్దడం కూడా అన్యాయమే. ఇంతకన్నా పెద్ద దొరలు రెడ్‌మండ్‌లో, మైక్రోసాఫ్ట్ ఆఫీసులో ఉన్నారు.

కంప్యూటరు నిద్ర రెండు రకాలు. స్లీప్ అంటే కునుకు. మీ పని ర్యామ్‌లోనే ఉంటుంది, దాన్ని నిలబెట్టడానికి సన్నగా కరెంటు పారుతూనే ఉండాలి. కరెంటు పోయిందా, పని గోవిందా. హైబర్నేట్ వేరు. తెరిచిన కాగితాలన్నీ డిస్కులో రాసి పెట్టుకుని, యంత్రం పూర్తిగా ఆగిపోతుంది. ప్లగ్గు పీకినా ఫరవాలేదు, పొద్దున లేపితే ఎక్కడి పని అక్కడే. ఖర్చల్లా డిస్కులో కాస్త చోటు. 16 జీబీ ర్యామ్ ఉంటే ఆరు జీబీ పైచిలుకు. వేసవిలో గాలిదుమారం లేస్తే చాలు ఫీడరు పడిపోయే కృష్ణా డెల్టాకు ఇంతకన్నా పనికొచ్చే సెట్టింగు ఇంకేముంది?

సరిగ్గా దాన్నే దాచేశారు. 2012లో విండోస్ 8 తెచ్చినప్పుడు పవర్ మెనూలోంచి హైబర్నేట్‌ను తీసేశారు. ఇప్పుడు కావాలంటే కంట్రోల్ ప్యానెల్‌కు వెళ్లాలి. అందులో పవర్ ఆప్షన్స్. అందులో పవర్ బటన్లు ఏం చేయాలో చెప్పే పేజీ. అక్కడ గళ్లన్నీ మసకబారి ఉంటాయి. పైన ఒక లింకు: ‘ప్రస్తుతం అందుబాటులో లేని సెట్టింగులు మార్చండి’. నొక్కితే అడ్మిన్ పాస్‌వర్డు అడుగుతుంది. అది తెలిసినాయన మచిలీపట్నం బదిలీ అయి ఏడాదయింది. తహసీల్దారు ఆఫీసులో మనం తిరిగే తిరుగుడుకీ దీనికీ తేడా ఏమైనా కనబడిందా? నాకు కనబడలేదు.

దాచింది దాచారు, మిగిల్చిన నిద్రయినా సరిగ్గా ఉందా? కొత్త ల్యాప్‌టాపుల్లో చాలావాటికి పాతకాలపు నిద్రే లేదు. మోడరన్ స్టాండ్‌బై అంటారు. మూత మూస్తే పడుకున్నట్టు నటిస్తుంది. లోపల నెట్టు చూసుకుంటుంది, మెయిళ్లు తెచ్చుకుంటుంది. బెజవాడలో రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ల్యాప్‌టాప్ మూసి బ్యాగులో పెట్టండి. మీ రాత బాగోకపోతే ఏలూరు దాటేసరికి బ్యాగు వెచ్చగా తగులుతుంది. తుని వచ్చేసరికి బ్యాటరీ గుండుసున్నా. మూత మూశాక కూడా పని చేయమని దాన్నెవరడిగారు? షట్‌డౌన్ కొడితే మాత్రం మొత్తం ఆగుతుందా? ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే సగం సంసారం డిస్కులో దాచుకునే ఆగుతుంది. అసలైన కొత్త పుట్టుక కావాలంటే రీస్టార్ట్ కొట్టాలి. ఆపు అంటే ఆగదు, పడుకో అంటే పడుకోదు. మన ప్రజాప్రతినిధుల దగ్గర ట్రైనింగయినట్టుంది.

ఇదే మైక్రోసాఫ్ట్ మీకు నీతులు కూడా చెబుతుంది. కర్బన ఉద్గారాలు తగ్గాలంటే మీ కంప్యూటరును త్వరగా పడుకోబెట్టండని విండోస్ 11లో సిఫార్సుల పేజీ పెట్టింది. 2030 కల్లా తన ఉద్గారాలకన్నా ఎక్కువ కర్బనాన్ని తొలగిస్తానని 2020లో లోకానికి మాటిచ్చింది. 2024లో తానే లెక్క తీస్తే ఏం తేలింది? 2020తో పోలిస్తే ఉద్గారాలు 29 శాతం పెరిగాయి. డేటా సెంటర్ల పుణ్యం. అవి ఒక్క క్షణం కళ్లు మూయవు. మీ ల్యాప్‌టాప్ మాత్రం మూడు నిమిషాలకే కళ్లు మూసి భూగోళాన్ని కాపాడాలి!

గుడివాడలోనో అవనిగడ్డలోనో ఇంట్లో కూర్చుని అమెరికా కంపెనీకి పనిచేసే కుర్రాణ్ని అడగండి. ల్యాప్‌టాప్ పడుకుంటే టీమ్స్‌లో అతని పేరు పక్కన పచ్చచుక్క పోతుంది. మేనేజరు ఫోను మోగుతుంది. భోజనానికి లేస్తే నేరం. అందుకే మౌసును దానంతటదే కదిలించే బొమ్మలు కొంటున్నారు. కీబోర్డు మీద పని చేస్తున్నట్టు నటించారని 2024లో అమెరికా బ్యాంకు వెల్స్ ఫార్గో పన్నెండు మందికి పైగా ఉద్యోగుల్ని పీకేసింది. వార్షిక నివేదికలో నెట్ జీరో, చాట్ కిటికీలో పచ్చచుక్క. రెండిట్లో కంపెనీ దేన్ని నమ్ముతుందో వేరే చెప్పాలా?

ఇక మన దగ్గర ఇస్తామన్న ల్యాప్‌టాపులు. 2021 జనవరి 11న నెల్లూరులో అమ్మఒడి సభ. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా, కావాలంటే డబ్బుకు బదులు ల్యాప్‌టాప్ ఇస్తామని అప్పటి ముఖ్యమంత్రి అన్నారు. చప్పట్లు మోగాయి. ఆ మాట అక్కడే పడుకుంది. దానికి బదులు 2022 డిసెంబరు 21న ఆ ముఖ్యమంత్రి పుట్టినరోజున డెల్టాలోని యడ్లపల్లిలో ట్యాబ్‌ల పండగ. 5,18,740 ట్యాబ్‌లు, లోపల బైజూస్ పాఠాలు. 2024 జులైలో బైజూస్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. గురువుగారే కూలబడితే పాఠం ఎవరు చెప్పాలి?

జెండా మారితే ఫైలు లేస్తుందనుకునే అమాయకులు ఇంకా ఉన్నారా? 2005లో బుడమేరు వాగు బెజవాడను ముంచింది. మళ్లింపు కాలువ సామర్థ్యం పెంచుతామన్నారు. పనులు మాత్రం పూర్తి కాలేదు. అన్ని రంగుల జెండాలూ వచ్చి వెళ్లాయి. 2024 సెప్టెంబరు 1న నీళ్లే వచ్చి సింగ్‌నగర్‌ను నిద్రలేపాయి. కరెంటు లేదు. ఫోన్లు చచ్చాయి. పసిపిల్లల్ని చంకనేసుకుని మేడల మీద పాలప్యాకెట్టు కోసం జనం ఎదురుచూశారు.

విండోస్‌లో ఒక ఆదేశం ఉంది. అడ్మిన్ హోదాలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘పవర్‌సీఎఫ్‌జీ’ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, ‘రిక్వెస్ట్స్’ అని కొట్టండి. యంత్రాన్ని నిద్రపోనివ్వకుండా ఎవరు పట్టుకున్నారో పేరు పెట్టి చెబుతుంది. మొహమాటం లేదు, ‘పరిశీలనలో ఉంది’ అనదు. వెలగపూడి సచివాలయంలో ఇలాంటిదొకటి ఉందా? ఏ ఫైలును, ఏ తేదీన, ఎవరు జోకొట్టి పడుకోబెట్టారో పేర్లతో చెప్పేది? ఉంటే, బుడమేరు అని టైపు చేసి ఎంటర్ కొట్టండి. మేం చూస్తూ నిలబడతాం.