పజిళ్లతో పైకి రావడం ఎలా?

చుండూరులో కూర్చుని చదరంగంలో పైకి రావాలనుకునేవాళ్లకు ఎదురుగా మనిషితో పనిలేదు, ఫోనుంటే చాలు. లీచెస్ అనే చదరంగం సైట్‌లో పజిళ్లు ఉచితం. స్టేషన్‌లో తెనాలి బండి ఎంత ఆలస్యమైతే మీ రేటింగు అంత పెరుగుతుంది.

పజిల్ కనబడగానే చెక్ చెప్పండి. కుదరకపోతే మంత్రిని బలివ్వండి. ఎదుటివాడు ఏం వేస్తాడోనని బుర్ర పాడుచేసుకోకండి, వాడి ఎత్తు కూడా ఫోనే వేస్తుంది.

గుర్రం ఒకే దెబ్బలో రాజునూ ఏనుగునూ పట్టే తేలిక పజిళ్లు కంటికి అలవాటయ్యేదాకా మళ్లీ మళ్లీ చెయ్యమని కోచ్‌లు పోరుతారు. లాస్లో పోల్గార్ అనే హంగరీ ఆయన 1994లో 5334 సమస్యలతో లావుపాటి పుస్తకం వేసి, ఒక్క ఎత్తులో ఆటకట్టయ్యేవాటితో మొదలుపెట్టాడు. మన స్థాయికి అది అవమానం. 2500 రేటింగున్న పజిల్ తెరిచి, సమాధానం చూసి, "నేనూ ఇదే అనుకున్నా" అనండి.

ఇక అరుగు మీద పెద్దాయన ఆటకు పిలిస్తే? ఇక్కడ కాస్త ఇబ్బంది ఉంది. పజిల్లో అయితే మంచి ఎత్తు ఉందని ముందే తెలుసు, వెతకడమే మిగిలింది. అరుగు మీద ఆ కబురు ఎవరూ చెప్పరు. ఆయన ఇరవై ఎత్తులు బంట్లు జరుపుకుంటూ కూర్చుని, ఇరవై ఒకటోదాంట్లో ఏనుగును ఊరికే వదిలేస్తారు. అప్పుడు మీరు చూడాల్సింది ఏనుగును కాదు, బలివ్వడానికి మీ గుర్రాన్ని. ఆయన నింపాదిగా దాన్ని కొట్టి పక్కన పెట్టి, "ఇంకేంటబ్బాయ్?" అంటారు. మీ పజిల్ రేటింగు చెప్పడానికి అదే అదను.

గుంటూరు హరికృష్ణ 2001లో, గుడివాడ హంపి 2002లో గ్రాండ్‌మాస్టర్లయ్యారు. అప్పటికి లీచెస్ పుట్టలేదు. 2024లో న్యూయార్క్‌లో హంపి మొదటి రౌండే ఓడిపోయి, మిగతా పదీ కూర్చుని ఆడి, 11కి 8.5 పాయింట్లతో రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ కిరీటం పట్టుకుపోయారు. పజిలయితే ఆ ఓటమి దగ్గరే "తరువాతది" నొక్కేసి హాయిగా ఉండేవాళ్లు.

అందుకే ఓడిన ఆట జోలికి మళ్లీ పోకండి. అందులో మీ కంటికి ఆనని ఎత్తులన్నీ అచ్చంగా మీ కోసం తయారైన పజిళ్లే అనుకోండి. కానీ వాటికి రేటింగు రాదు, స్టేటస్‌లో పెట్టుకోవడానికి స్క్రీన్‌షాటూ ఉండదు.