తూటా మోగితేనే చట్టానికి మెలకువ

సాయుధ తిరుగుబాటుకు ప్రజాస్వామ్య ప్రభుత్వాల దగ్గర మూడు మందులున్నాయి: నిషేధం, చర్చలు, చట్టం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొదటిదాన్ని పూటకోలా వాడింది. నక్సలైట్ సంస్థ పీపుల్స్‌వార్‌పై 1992లో నిషేధం పెట్టి, 1995లో ఎత్తేసి, 1996లో మళ్లీ పెట్టింది. తర్వాత నిషేధాన్ని పక్కనపెట్టి, 2004 అక్టోబరులో అడవి నుంచి వచ్చిన నేతలతో హైదరాబాద్‌లో చర్చలు జరిపింది. ఏడాది తిరక్కుండానే, 2005 ఆగస్టులో, నిషేధం మళ్లీ వచ్చింది.

మూడో మందు ఎప్పుడూ ఆలస్యమే. శ్రీకాకుళం ఏజెన్సీ భగ్గుమన్నాక గానీ 1970లో గిరిజన భూముల చట్టానికి పదును పెట్టలేదు. ఆపైనా చాలాచోట్ల పట్టా గిరిజనుడి పేరిట, పంట షావుకారు గాదెలో.

ఛత్తీస్‌గఢ్ 2005లో సల్వాజుడుం అనే నాలుగో మందు కనిపెట్టింది. మావోయిస్టులపై పోరుకు అయిదో తరగతి చదివిన కుర్రాళ్లకూ తుపాకులిచ్చింది. అది రాజ్యాంగ విరుద్ధమని 2011 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది. తీర్పును శిరసావహించిన ప్రభుత్వం అదే ఏడాది మరో చట్టం చేసి, వాళ్లనే సహాయక సాయుధ పోలీసులుగా మార్చింది.

బస్తర్ బడుల విషయంలో మాత్రం ఇరుపక్షాలదీ ఒకే మాట. బలగాలు వాటిలో బస చేశాయి, మావోయిస్టులు వాటిని పేల్చారు. చోటు దొరకనిది పిల్లలకే.

గిరిజన ప్రాంతాల్లో గ్రామసభకు అధికారమిచ్చే పెసా చట్టం 1996లో వచ్చింది. ఛత్తీస్‌గఢ్‌లో దాని నిబంధనలు వచ్చింది 2022లో. బలగాలు చేరిన వేగంతో చట్టమూ అడవికి చేరి ఉంటే, బలగాలకు అంత పని ఉండేది కాదు.