‘పట్టి వీపు నెక్కు’: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక

ఈ పద్యం ఒక మ్యాచింగ్ సెంటర్ బిల్లు వెనకాల, బాల్ పెన్నుతో రాసి దొరికింది. కవి పేరు లేదు. కాలనిర్ణయం మాత్రం కష్టం కాదు. రెండో పాదంలో గిన్నె ప్రస్తావన ఉంది. 1914లో అమెరికాలో మేరీ ఫెల్ప్స్ జాకబ్ పేటెంటు తీసుకున్న బ్రాకి గిన్నెలు లేవు. రెండు చేతిరుమాళ్లకి రిబ్బను కలిపి కుట్టడంతో ఆ కథ మొదలైంది. గిన్నెకి ఎ, బి, సి, డి అని లెక్క కట్టడం అదే దేశంలో 1930ల్లో వచ్చింది. కనుక పద్యం అంతకు ముందుది కాజాలదు. పైగా బిల్లు మీద జీఎస్టీ నంబరుంది, కనుక 2017 జులైకి ముందుది అసలే కాదు.

కవి స్త్రీయా పురుషుడా అన్న చర్చకి కూడా తావు తక్కువే. మన ప్రబంధాల్లో నాయిక వక్షస్థలం దగ్గరికి వచ్చేసరికి కనక కలశాలు, కరికుంభాలు, జక్కవల జంటలు, కొండ శిఖరాలు కావలసినన్ని. అంగుళాల్లో చెప్పినవాడు లేడు. రవిక ముడి పిగిలిందని వర్ణించారే గాని, సైజు చిన్నదేమోనని అనుమానించలేదు. ఈ పద్యంలో ఒక్క కలశం కూడా లేదు. వీపు ఉంది, భుజం ఉంది, గీరుకుపోయిన చోటుంది. రాసింది చూసినవాళ్లు కాదు, వేసుకున్న మనిషి.

కాళిదాసుకి వ్యాఖ్యానం రాసిన మల్లినాథసూరి మన మెదక్ దగ్గరి కొల్చారం వాడు. ఆధారం లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అని ముందే మాటిచ్చి మొదలుపెట్టాడు. అందులో మొదటి సగానికి నేనూ కట్టుబడతాను.

మూలం

ఆ.వె.
పట్టి వీపు నెక్కు, బరువెల్ల భుజముపై,
గిన్నె పొంగుచుండు, గీరు తీగ;
కొలత తప్పె గాని కొరత మేనికి లేదు;
చుట్టి చూడు టేపు, చూపు కాదు.

ప్రతిపదార్థం

(ఓ వనితా! అని అధ్యాహారం.) పట్టి = రొమ్ము కింద ఒంటిని చుట్టే పట్టీ; వీపున్ = వీపు మీదికి; ఎక్కున్ = పాకిపోవును; బరువు + ఎల్లన్ = మోయవలసిన భారమంతా; భుజముపైన్ = భుజాల మీద (పడును అని మళ్లీ అధ్యాహారం; కవి వదిలేసిన క్రియని కూడా పాపం భుజమే మోస్తోంది); గిన్నె = కప్పు; పొంగుచుండున్ = అంచు దాటి పైకి ఉబుకుచుండును; తీగ = కప్పు అడుగున కుట్టిన వైరు; గీరున్ = ఒరుసుకొనును; కొలత = సైజు; తప్పెన్ + కాని = తప్పిందే గాని; మేనికిన్ = నీ ఒంటికి; కొరత = లోపము; లేదు = లేనే లేదు; టేపు = దర్జీ టేపును; చుట్టి చూడు = చుట్టి కొలువుము; చూపు = కంటి అంచనా; కాదు = ప్రమాణము కాదు.

తాత్పర్యం

నీకు నప్పని బ్రా వేసుకుని నీ ఒంటిని తిట్టుకోకు. టేపు తెచ్చి కొలుచుకో.

విశేషాలు

పట్టి. కవి గిన్నెతో గాక పట్టీతో ఎత్తుకోవడం సాభిప్రాయం. బరువు మోసేవి భుజాల మీది స్ట్రాపులని లోకం నమ్మకం. నిజానికి ఎక్కువ పాలు మోయవలసింది ఒంటిని చుట్టిన పట్టీ. అది ముందు ఎంత ఎత్తులో ఉందో వెనక కూడా అంతే ఎత్తులో, నేలకి సమంగా ఉండాలి. వదులైతే ముందు వైపు బరువుకి దిగుతుంది, వెనక వైపు లేస్తుంది. అప్పుడు భారమంతా స్ట్రాపుల మీద పడి భుజాల మీద గాడి పడుతుంది. మనిషి ఏం చేస్తుంది? స్ట్రాపులు ఇంకాస్త బిగిస్తుంది. బిగించిన కొద్దీ వెనక పట్టీ ఇంకా పైకి పోతుంది. సాయంత్రానికి మెడ పట్టేస్తుంది, అమృతాంజనం సీసా బయటికొస్తుంది. రోగం పట్టీది, మందు మెడకి.

కొత్తది కొనేటప్పుడు అన్నిటికన్నా వదులు హుక్కుల వరసకి అది సరిపోవాలి. పట్టీ కింద వేలు రెండు దూరితే చాలు, పిడికిలి దూరకూడదు. లోపలి వరసలు రేపటి కోసం; ఎలాస్టిక్ సాగేకొద్దీ ఒక్కో వరస లోపలికి వస్తాం. కొన్ననాడే లోపలి వరసకి హాయిగా ఉందంటే, ఇక రాబోయే రోజుల్లో బిగించుకోవడానికి ఏమీ మిగల్లేదన్నమాట. (ప్రసక్తి వచ్చింది గనుక ఒక మాట. దండెం మీద బ్రా ఆరేసి దాని మీద తువ్వాలు కప్పే మన ఆచారం వల్ల ఎలాస్టిక్‌కి ఒక మేలు జరుగుతోంది: ఎండ తగలదు. కీడు కూడా జరుగుతోంది: వానాకాలంలో రెండో రోజుకి కూడా ఆరదు.)

కొలత. పద్యానికి గుండెకాయ ఈ మాట. ఇక్కడ రెండు మతాలున్నాయి.

మొదటి మతం వారిది విశిష్టాద్వైతం. రొమ్ము కింద చుట్టూ కొలిచి, సరి సంఖ్య వస్తే 4, బేసి వస్తే 5 అంగుళాలు కలిపితే వచ్చేదే పట్టీ సైజు అంటారు. రెండో వారు కేవలాద్వైతులు. ఒళ్లెంతో పట్టీ అంతే, కలపడానికి మీరెవరు అంటారు. గిన్నె విషయంలో ఇద్దరిదీ ఒకటే సూత్రం: రొమ్ము మీదుగా కొలిచిన కొలతలోంచి పట్టీ సైజు తీసెయ్యాలి, ఒక అంగుళం మిగిలితే ఎ, రెండైతే బి, మూడైతే సి, నాలుగైతే డి, ఆపైన డిడి.

ఉదాహరణకి కింద 30, మీదుగా 35 అంగుళాలున్న ఒక వనితని తీసుకుందాం. మొదటి మతం ప్రకారం 30కి 4 కలిపితే 34, తేడా ఒక్క అంగుళం, కనుక ఆమె 34 ఎ. రెండో మతం ప్రకారం పట్టీ 30, తేడా అయిదు, కనుక 30 డిడి. ఒకే మనిషి, ఒకే పూట, ఒకే టేపు.

ఇది ఊరికే అంకెల తగాదా కాదు. పట్టీ ఒక మెట్టు ఎక్కి అక్షరం ఒక మెట్టు దిగితే గిన్నెలో పట్టే పరిమాణం మారదు. 30 డిడి, 32 డి, 34 సి, 36 బి అక్కచెల్లెళ్లు. నాలుగింటి గిన్నె ఒకటే. డి అంటే చాలా పెద్దది అనే భయం కూడా ఇక్కడితో తీరాలి. 32 డి గిన్నె 36 బి గిన్నె కన్నా పిసరంత కూడా పెద్దది కాదు. అక్షరం చెప్పేది తేడాని, పరిమాణాన్ని కాదు.

ఇప్పుడు మన వనిత రెండో మతం కంపెనీ కుట్టిన సరుకుని మొదటి మతం పట్టిక చూసి కొన్నదనుకోండి. 34 ఎ తెచ్చుకుంటుంది. గిన్నె రెండు మెట్లు చిన్నది, పొంగుతుంది. తీగ పక్కటెముక మీద కూర్చోవలసింది పోయి రొమ్ము మీదే కూర్చుంటుంది, గీరుతుంది. షాపుకి వెళ్లి ‘ఇది బిగుతైంది, పెద్దది ఇవ్వండి’ అంటుంది. అతను 36 బి తీస్తాడు. ఆశ్చర్యం, గిన్నె సరిగ్గా కుదురుతుంది! సంతోషంగా తెచ్చుకుంటుంది. కాని పట్టీ ఆరంగుళాలు ఎక్కువ. అది వీపెక్కడం మొదలుపెడుతుంది. అంటే మూలంలో రెండో పాదం ముందు జరిగింది, మొదటి పాదం తరవాత జరిగింది. ప్రస్తుతం ఏది నొప్పెడుతోందో దానితో కవి ఎత్తుకుంది.

అలాగని మొదటి మతం అప్రమాణం అనలేం. జర్మనీలో పట్టీ మీద 75 అని వేస్తారు. అది సెంటీమీటర్లలో రొమ్ము కింది కొలతే. అంగుళాల్లోకి మారిస్తే ఇరవై తొమ్మిదిన్నర. దానికి సమానమైన అంకెగా 34 అని అదే లేబులు మీద అచ్చు వేస్తారు. అంటే 34 అని పేరు పెట్టి 30 అంగుళాల ఒంటికి కోసేవాళ్లు ఉన్నారు; వాళ్ల దగ్గర 34 ఎ మన వనితకి చక్కగా సరిపోవచ్చు. ఏ కంపెనీ సరుకో ఆ కంపెనీ పట్టికే చూడాలి, మతాలు కలపకూడదు. అదే పట్టీ ఫ్రాన్సులో 90, ఆస్ట్రేలియాలో 12. మెల్‌బోర్న్ నుంచి మేనకోడలు ‘అత్తా, నీకు 12 బి తెస్తున్నా’ అని మెసేజి పెడితే, చిన్నపిల్లల సైజేమోనని కంగారు పడనక్కర్లేదు.

చూపు. నైయాయికులు ప్రమాణాలు నాలుగన్నారు. శబ్దం, అంటే లేబులు; దాని సంగతి పైన చెప్పాను. ఉపమానం, అంటే ‘మా వదినదీ నాదీ ఒకటే ఒళ్లు, ఆవిడకి ముప్పై ఆరు’. ప్రత్యక్షం, అంటే వేసి చూసుకోవడం. మన బజారు షాపుల్లో చాలా చోట్ల ఆ ప్రమాణం చెల్లదు, ఇన్నర్స్‌కి ట్రయల్ లేదని గోడ మీదే ఉంటుంది. మిగిలింది అనుమానం.

అది ఇలా సాగుతుంది. అద్దాల కౌంటరు, వెనక పైకప్పు దాకా అట్టపెట్టెలు, పక్కన ఫాల్సు గుడ్డలూ లైనింగులూ. కొనడానికి వచ్చినామె అటూ ఇటూ చూసి, మగవాళ్లెవరూ లేని క్షణం చూసుకుని, గొంతు తగ్గించి అడుగుతుంది. అడిగేది కూడా మగవాణ్ణే. అతను చూసీ చూడనట్టు అరక్షణం చూసి, ‘ముప్పై ఆరు పడుద్దమ్మా’ అంటూ వెనక్కి తిరక్కుండానే చెయ్యి పైకెత్తి పెట్టె లాగుతాడు. అక్షరం సంగతి ఎత్తడు. ఎత్తినా బి తప్ప వేరే ఉండదు. ‘బిగుతైతే ఎక్స్‌టెండర్ తగిలించుకోండి, పది రూపాయలు.’ నల్ల కవర్లో పెట్టి ఇస్తాడు. పక్కనే కొన్న అయిదు మీటర్ల లంగా గుడ్డకి మాత్రం తెల్ల కవరు.

ఆమె అతని లెక్క నమ్మి తీసుకోదు. ఆ అరక్షణం ఒక క్షణం కాకూడదని తీసుకుంటుంది. ‘లూజుంటే మార్చుకోవచ్చా’ అని కూడా అడగదు. కవి ‘చూపు కాదు’ అన్నది ఈ చూపునే అని నా వ్యాఖ్యానం. కనక కలశమని చెప్పిన కవిదీ, ముప్పై ఆరని చెప్పిన షాపతనిదీ ఒకటే పద్ధతి: దూరంగా నిలబడి, మనిషిని అడక్కుండా తేల్చెయ్యడం. షాపతని పక్షాన ఒక్క మాట: కలశాలు వాపసు పుచ్చుకున్న ప్రబంధకవి ఎవరూ లేరు గాని, బిల్లు తెస్తే ఇతను మారుస్తాడు, పెట్టె విప్పకుండా ఉంటే. పెట్టె విప్పకుండా లూజుందని ఎలా తెలుస్తుందో ఆ నియమం పెట్టినవాళ్లే చెప్పాలి.

కొరత మేనికి లేదు. ఇక్కడ పూర్వపక్షం చేసేది సాధారణంగా ఆ వనితే. ‘నా ఒళ్లే అంత, నాకేదీ నప్పదు’ అంటుంది. ‘పిల్లలు పుట్టాక అంతే’ అంటుంది. ‘ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, ఏం చెప్పుకోను’ అంటుంది. సమాధానం: రెండూ అచ్చుగుద్దినట్టు ఉండకపోవడమే మామూలు. పెద్దదానికి సరిపడా తీసుకుని, రెండో వైపు స్ట్రాపు కొంచెం బిగించుకుంటే సరి. కాన్పుకీ, పాలిచ్చే రోజులకీ, బరువు పెరిగినా తగ్గినా, కొందరికి నెలలో ఆ రోజులకి కూడా కొలత మారుతుంది. పెళ్లినాటి జాకెట్టు పట్టకపోతే కుట్లు విప్పించుకోవడానికి సిగ్గుపడని మనిషి, పెళ్లినాటి బ్రా సైజునే ఇరవయ్యేళ్లు ఇంటిపేరులా ఎందుకు మొయ్యాలి?

చుట్టి చూడు. విధ్యర్థకం. విధి ఉన్నప్పుడు విధానం కూడా చెప్పాలి, కవికి పాదం చాలలేదు. రొమ్ము కింద టేపు బిగుతుగా, ఊపిరి వదిలాక, వెనక జారకుండా. మీదుగా కొలిచేటప్పుడు బిగించకుండా, కొంచెం ముందుకి వంగి. వేసుకునేటప్పుడు కూడా వంగి వేసుకుని, చంక వైపు ఒదిగిన భాగాన్ని చేత్తో గిన్నెలోకి తెచ్చుకున్నాకే సరిపోయిందో లేదో తీర్పు చెప్పాలి. నడిమి ముక్క ఛాతీ ఎముకకి ఆనాలి. గిన్నె ముడతలు పడితే పెద్దది, అంచు మీద ఉబికితే చిన్నది. చెయ్యి పైకెత్తితే పట్టీ కదలకూడదు.

ఇంట్లో టేపు లేదన్నది చెల్లని ఆక్షేపణ. లంగా నాడా ఒకటి చుట్టి, కలిసిన చోట గోటితో నొక్కి పట్టుకుని, పిల్లల స్కేలు మీద పరిస్తే చాలు. స్కేలు పన్నెండు అంగుళాలదే గనుక రెండు మూడుసార్లు జరపాలి. అంగుళాల అంచే చూసుకోవాలి సుమా. అవతలి అంచు చూసి షాపులో డెబ్బై అయిదు అడిగితే, ‘ఆ రేటులో ఇప్పుడేవీ రావట్లేదమ్మా’ అంటాడు.